భుజాలు తడుముకోని దొంగలు

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. కాని ఆరితేరిన దొంగ భుజాలు తడుముకోడు. నలుగురిలో నోరు విప్పడానికి జంకే అమాయకుడే తడుముకుంటాడు.

2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అంతకుముందు జరిగిన పరిశోధనలెన్నిటినో గుదిగుచ్చి చూశారు. ఎదుటివాడి మాట, వాలకం చూసి నిజమో అబద్ధమో చెప్పమంటే, జనం సరిగా చెప్పగలిగింది నూటికి 54 సార్లు! బొమ్మా బొరుసూ వేసినా 50 సార్లు తగులుతుంది గదా.

మరి మోసగాణ్ణి పోల్చుకునేదెట్లా? వాడి మొహం చూడటం మాని, మన చేత ఏం చేయించబోతున్నాడో చూడాలి.

సత్తెనపల్లి వైపు రైతు సంగతే తీసుకుందాం. తొలకరికి ముందు ప్రత్తి విత్తనాలతో ఇంటికే వచ్చిన పెద్దమనిషి "బాబాయ్" అని వరస కలుపుతాడు, ధర తగ్గిస్తాడు. బిల్లు మాత్రం ఇవ్వడు. మోసం బయటపడేనాటికి వాడూ ఉండడు, అదనూ ఉండదు. లైసెన్సు ఉన్న దుకాణంలో లాటు నంబరు వేసిన బిల్లు పుచ్చుకుని, ఖాళీ సంచీ దాచుకున్న రైతుకు ఫిర్యాదు చేయడానికి ఆధారమైనా మిగులుతుంది.

ఇక కల్లానికి వచ్చే మిర్చి బేరగాడు. గుంటూరు యార్డు కంటె ఎక్కువ ధర చెబుతాడు. మొదటి పది టిక్కీలకు రొక్కం చేతిలో పెడతాడు. రెండోసారి సగమే ఇస్తాడు. మూడోసారి సరుకంతా లారీకెత్తి, "వారంలో పంపిస్తా"నంటాడు. ఆ మొదటి రొక్కమే ఎర!

పింఛను పుచ్చుకునే పెద్దలకైతే ఫోనులో పోలీసు వేషం. "డిజిటల్ అరెస్టు చేశాం, గది తలుపు వేసుకోండి, ఎవరికీ చెప్పకండి" అంటాడు. మన చట్టంలో అటువంటి అరెస్టు లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలో చెప్పవలసి వచ్చింది.

వేషాలు వేరైనా నడక ఒకటే: మంచితనమో భయమో చూపడం, తొందరపెట్టడం, కాగితానికీ మూడో మనిషికీ చోటివ్వకపోవడం. అందుకే "ఇంట్లో అడిగి రేపు చెబుతా"నని చూడండి. నిజాయితీపరుడు రేపు వస్తాడు. మోసగాడికి రేపంటేనే గిట్టదు. అధికారినన్నవాడి నంబరు వాడిచ్చింది కాక, మీరే విచారించి తెలుసుకోండి. ఫోను మోసంలో డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయక 1930కి చెప్పండి.

చివరిగా ఒక్క మాట. మోసపోయినవారిని చూసి నవ్వకండి. పరువు పోతుందని వారు నోరు మూసుకుంటే, మోసగాడు ధీమాగా పక్కింటి తలుపు తడతాడు.