చెవిలో మోత: చింత వద్దు, అశ్రద్ధా వద్దు

"బండి మీదనుంచి పడ్డానండి అయ్యగారూ, దెబ్బ చిన్నదే, కానీ రాత్రయితే చెవిలో ఒకటే గుయ్‌మంటోందండి" అని మన డెల్టా గ్రామాల్లో కొందరు మాతో చెబుతుంటారు.

దెబ్బకు లోపలి చెవిలోని సున్నితమైన కణాలు అదిరితే, మెదడు ఆ లోటును మోతగా వింటుంది. చాలామందికి కొద్ది రోజుల్లో అదే తగ్గుతుంది. భయంతో దాన్నే ఆలకిస్తే పెద్దదిగా తోస్తుంది. ఫ్యాను శబ్దంలో కొంత మరుగున పడుతుంది.

కర్ణభేరి చిరిగి ఉండవచ్చు గనుక చెవిలో నూనె పోయకండి. వినికిడి తగ్గినా, కళ్లు తిరిగినా, వాంతులైనా, మగతగా ఉన్నా, చెవినుంచి రక్తమో నీరో కారినా ఆ రోజే రాజమహేంద్రవరమో కాకినాడో ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. ఇవేవీ లేకున్నా వారం దాటి మోత ఆగకపోతే చెవి డాక్టరుకు చూపించుకోండి. తగ్గిన వినికిడికి వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.