బాలింతకు ఏ చేప మంచిది?

“హకీం సాబ్, కోడలికి పాలు పడాలి, పాలసొర పెట్టవచ్చా?” అని మతబ్‌లో పెద్దమ్మలు అడుగుతుంటారు. లోకంలో 30,000కు పైగా చేప జాతులున్నాయి. అన్నిటి గుణం ఒకటి కాదు. సొర ఇతర చేపలను తిని బతుకుతుంది. వాటిలోని పాదరసం దాని ఒంట్లో పేరుకుంటుంది. అది తల్లి నుంచి చేరితే పసిబిడ్డ మెదడుకు, నరాలకు చేటు. గర్భిణులు, బాలింతలు సొర మానడమే మేలు.

బదులుగా కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు వండండి. వీటిలో పాదరసం తక్కువ, ఒమేగా-3 కొవ్వు ఉంటుంది. నెత్తళ్లను ముల్లుతోనే నమిలితే కాల్షియం అందుతుంది. యునానీ ప్రకారం చేప మిజాజ్ సర్ద్-తర్, అంటే చలువ, తేమ. అందుకే అల్లం, వెల్లుల్లి, మిరియాలు తప్పక వేయండి.

పాలు పెరగాలంటే బిడ్డకు మాటిమాటికీ రొమ్ము అందించాలి. అప్పటికీ చాలకపోతే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.