కలబంద పూయదెందుకు?

అనంతపురం: పెరట్లోనో, మేడ మీది కుండీలోనో కలబంద మొక్క లేని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. అయితే కలబంద పూవును కళ్లారా చూసినవారు అంతకంటె అరుదు. “కలబంద కూడా పూస్తుందా?” అని ఆశ్చర్యపోయే గృహిణులు ఎందరో ఉన్నారు. నిక్షేపంగా పూస్తుంది. అదీ చలికాలంలో, తోటలో తక్కిన మొక్కలు ముడుచుకొని ఉన్న రోజుల్లో.

మట్టల నడుమ నుండి నిటారుగా ఒక కాడ లేస్తుంది. రెండు మూడడుగుల ఎత్తు పెరుగుతుంది. దాని కొసన గొట్టాలవంటి పసుపు పూలు గుత్తిగా, తలలు కిందికి వేసి వేలాడుతాయి. కిందివి ముందు విచ్చుకొంటాయి, పైవి మొగ్గలుగానే ఉంటాయి. దూరం నుంచి వెలిగించిన కాగడాలాగా కనబడుతుంది. కొన్ని రకాల్లో పూలు నారింజ రంగులో ఉంటాయి. ఊటీవంటి చల్లని ఊళ్లలో పెంచే ‘రెడ్ హాట్ పోకర్’ అనే దక్షిణాఫ్రికా మొక్క పూలు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. రెండూ ఒకే కుటుంబానివి. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ మొదట దాన్ని కలబందల్లోనే చేర్చాడు. మన ఎండలకు ఆ చలిప్రాంతపు మొక్కను తెచ్చి అవస్థపడడం కంటె, ఇంట్లో ఉన్న కలబందనే పూయించుకోవడం తెలివైన పని.

మరి మన ఇళ్లలో ఎందుకు పూయడం లేదు? ప్రధాన కారణం మన ప్రేమే. తులసికి పోసినట్లు దీనికీ రోజూ చెంబుడు నీళ్లు పోస్తాం. ఎండకు కమిలిపోతుందని నీడకు జరుపుతాం. ముఖానికని, జుట్టుకని వారానికో మట్ట కోస్తాం. మొక్క పూతకు దాచుకొన్న బలమంతా ఆ మట్టల్లోనే ఉంటుంది. దాన్ని కోసుకొంటూ పూవు లేదనుకోవడం న్యాయం కాదు. పూత కావాలంటే ఒక మొక్కను వాడకానికి, ఇంకొక దాన్ని పూతకు విడిగా ఉంచుకోవాలి. రెండోదాని జోలికి పోరాదు.

ఇది ఎండిన నేలల మొక్క. దీని పుట్టిల్లు అరేబియా ద్వీపకల్పమని 2015లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. పగటి ఎండలో ఆకు రంధ్రాలు మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరచుకొని గాలి పీల్చుకొనే స్వభావం దీనిది. అందుకే నీరు ఆవిరికాదు. దిష్టికని గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబంద నెలల తరబడి చావకపోవడంలోని రహస్యం ఇదే. వానలు కరవైన అనంతపురం జిల్లా నేలలు దీనికి అనువైనవనడంలో సందేహం లేదు.

పూతకు ఎంచుకొనే మొక్క మూడు నాలుగేళ్ల వయసుదై, మట్టలు దళసరిగా ఉండాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. ఎండకు మట్టలు కాస్త ఎర్రబారితే తెగులని భయపడనక్కరలేదు. కుండీలో అయితే ఎర్రమన్ను, ముతక ఇసుక, కాస్త చివికిన పశువుల ఎరువు చాలు. అడుగున చిల్లు తప్పనిసరి. యూరియా వేస్తే మట్టలు ఉబ్బుతాయి తప్ప పూత రాదు. వానలు వెనుకబట్టాక నీరు తగ్గించాలి. మన్ను లోపలిదాకా ఆరితేనే మళ్లీ పోయాలి. చుట్టూ వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు తీసివేయాలి. అవి గుంపు కడితే తల్లి మొక్కకు తిండి చాలదు. తీసిన పిలకలను రెండు రోజులు నీడలో ఆరబెట్టి నాటాలి. ఆ తర్వాత వారం పాటు నీరు పోయకపోవడమే మేలు. మట్టల మొదళ్లలో పిండినల్లి చేరితే తడి గుడ్డతో తుడిచేయవచ్చు.

పూస్తే మొక్క చచ్చిపోతుందన్న భయం కొందరిలో ఉంది. అది పొలం గట్ల మీది కిత్తనారను చూసి పుట్టిన భయం. కిత్తనార ఒక్కసారి పూసి చనిపోతుంది. కలబంద అలాకాదు, ఏటేటా పూస్తుంది. పూసినన్నాళ్లూ తేనెపిట్టలు వచ్చి వాలడం అదనపు లాభం.

వాడకపు మొక్క గురించి ఒక హెచ్చరిక చేయక తప్పదు. మట్ట కోయగానే తొక్క కింది నుంచి పసుపుపచ్చని చేదు పసరు కారుతుంది. దాన్ని ఎండబెట్టినదే ముసాంబరం. బెణుకులకు పట్టు వేసే ఆ ముసాంబరమే కడుపులోకి పోతే విరేచనాలు పట్టుకొంటాయి. దీనితో చేసిన విరేచన మందులను చీటీ లేకుండా అమ్మడాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లో నిలిపివేసింది. గర్భవతులు, పసిపిల్లలు కలబంద రసం జోలికి పోరాదు. పైపూతకు వాడేవారు కూడా కోసిన మట్టను కొంతసేపు నిలబెట్టి, పసరు కారిపోయాక కడిగి, లోపలి గుజ్జునే తీసుకోవాలి.

పూలు రాలిన తర్వాత కాడ పూర్తిగా ఎండేదాకా ఆగి, మొదలుకు కోసివేయాలి. పచ్చిగా ఉండగా లాగితే నడిమి మొవ్వ దెబ్బతింటుంది.