జుకోవ్ తెలుసు, కన్నమదాసు తెలీదు

మా హాస్టల్లో రెండో ప్రపంచ యుద్ధం పిచ్చోళ్లం ముగ్గురం ఉన్నాం. డాక్యుమెంటరీలు చూసి చూసి సోవియట్ మార్షల్ జుకోవ్ చరిత్ర నాకు కంఠతా వచ్చేసింది. 1896లో పేద రైతు ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడే మాస్కో వెళ్లి బొచ్చు తోళ్లతో కోట్లు కుట్టే పని నేర్చుకున్నాడు. అలాంటివాడు 1945లో బెర్లిన్ దాకా సైన్యాన్ని నడిపించాడు. మరుసటి ఏడాదే స్టాలిన్ అతన్ని ఒడెస్సాకి పంపించేసి పక్కన పెట్టాడు.

ఓ రాత్రి ఇదంతా తెగ ఉత్సాహంగా చెప్తుంటే, మాచర్ల వైపు నుంచి వచ్చిన మా రూమ్మేట్ అడిగాడు: "అది సరే మామా, పల్నాటి యుద్ధంలో మాచర్ల సేనాపతి ఎవరో చెప్పు."

నాది నరసరావుపేట. ఆ మాత్రం తెలీదా? "బాలచంద్రుడు" అన్నా.

వాడు నవ్వలేదు. "కన్నమదాసు రా. మావాడు" అని అటు తిరిగి పడుకున్నాడు.

సిగ్గేసి చదవడం మొదలుపెట్టా. కథ మీకు కొంత తెలిసే ఉంటుంది. 12వ శతాబ్దం చివర, గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు. ఇద్దరూ అన్నదమ్ములే, తల్లులు వేరు. కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్లు ఏడేళ్లు వలస పోయారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగంతో చనిపోయాడు. ఆ తర్వాత కారంపూడిలో యుద్ధం.

నన్ను ఆపేసింది మాత్రం యుద్ధం కాదు, అందులో ఎవరు ఏ పదవిలో ఉన్నారన్నది. గురజాల మంత్రి నాగమ్మ, ఓ ఆడమనిషి. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు తన సేనాపతిగా పెట్టుకున్నది మాల కన్నమదాసుని. ఊరికే పదవి ఇవ్వడం కాదు, కొడుకుగా పెంచుకున్నాడని కథ. బాలచంద్రుడు కన్న కొడుకైతే కన్నమదాసు పెంచిన కొడుకన్నమాట. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఓ దళితుడి మాట మీద అన్ని కులాల వాళ్లూ కత్తి దూశారని పల్నాడు చెప్పుకుంటోంది. జుకోవ్ ఎదిగొచ్చింది విప్లవం వచ్చి పాత దొరతనాన్ని కూలగొట్టాక. ఇక్కడ అలాంటిదేం లేదు, ఒక మంత్రి నిర్ణయం అంతే.

మరి నాకు బాలచంద్రుడే ఎందుకు గుర్తొచ్చాడు? ఒక కారణం పుస్తకమే అనుకుంటా. శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపద కావ్యం 'పల్నాటి వీరచరిత్ర'లో మనకు మిగిలింది ముఖ్యంగా బాలచంద్రుడి యుద్ధం భాగం. అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో దాన్ని అచ్చు వేయించారు. అచ్చులో ఉన్నవాడే హీరో అయ్యాడు. పైగా పెళ్లాన్నీ తల్లినీ వదిలి యుద్ధానికి పరిగెత్తిన కుర్రాడి కథ సినిమాకి కూడా బాగుంటుంది కదా!

కన్నమదాసుని కాపాడింది పాట. ఈ కథని రాత్రంతా పాడే వీరవిద్యావంతులు ఎక్కువగా మాలలే. జుకోవ్ తన జ్ఞాపకాలు తనే రాసుకుని 1969లో అచ్చులో చూసుకున్నాడు. కన్నమదాసుకి ఆ అవకాశం లేదు, ఆయన తరఫున తరతరాలుగా గొంతులే పనిచేశాయి. రోఘేర్ అనే అమెరికన్ ఆ పాటని రికార్డు చేసి, 1982లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. ఇంగ్లీష్ మీడియం వాణ్ణి కాబట్టి నేను ముందు చదివింది దాని గురించే, నవ్వుకోండి.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలకి పూజ చేస్తారు. మందపోరు రోజున చాపకూడు, అంటే కులం అడక్కుండా అందరూ ఒకే వరసలో కూర్చుని తినడం. పోయినసారి రూమ్మేట్‌తో కలిసి వెళ్లా. వాడి పక్కనే కూర్చుని తిన్నా.

తింటుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వాళ్లింట్లో పొలం పనికొచ్చేవాళ్లకి గ్లాసు వేరే. పెరటి గోడ మీద బోర్లించి ఉండేది. చిన్నప్పుడు దాంతో నీళ్లు తాగబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. నన్ను అంతలా కొట్టింది అదొక్కసారే.

మొన్న ఫోన్ చేసి, సంక్రాంతికి నా ఫ్రెండ్‌ని తీసుకొస్తున్నా అని చెప్పా. "ఎవరబ్బాయిరా?" అంది. చెప్పా. కన్నమదాసు సంగతి కూడా చెప్పా. ఆ పేరు ఆమెకి తెలుసు, చిన్నప్పుడు కారంపూడి తిరణాలలో విందంట. కాసేపు ఏం మాట్లాడలేదు.

"సరే, తీసుకురా" అంది.

ఏ గ్లాసులో ఇస్తావని నేను అడగలేదు.