చీనితోటలును సున్నపునేలలును

ఇంగ్లండు దక్షిణభాగమున, ససెక్సు, కెంటు మండలములలో, ద్రాక్షతోటలు పెరిగి అచ్చటి బుడగలెత్తు ద్రాక్షసారాయమునకు పేరు వచ్చుచున్నదని విని మన రైతులు కొందఱు వింతపడవచ్చును. మద్యమును కొనియాడుట మా యుద్దేశము గాదు. దాని వెనుకనున్న మన్నును, ఎండను చూడగోరుచున్నాము. అచ్చటి సుద్దనేల ఫ్రాన్సునందలి షాంపేను సుద్దకు తోబుట్టువు. అధికజలమును దిగవిడిచి, కావలసినంత దాచుకొనును. వేసవి చల్లనిదగుటచే పండులో తీపి మెల్లగా పెరుగును, పులుపు చెడకుండును. సీసాలో రెండవమాఱు పులియబెట్టు సారాయమునకు ఆ పులుపే ప్రాణము. 1988లో ససెక్సునందు నైటింబరువారు షాంపేను జాతి ద్రాక్షలు నాటిరి. 2015లో షాంపేను వర్తకులైన తైతింజేవారే కెంటులో భూమి కొనిరి. నేల వెనుకటిదే, భూతాపము హెచ్చి ఎండ మాఱినది.

మన పులివెందుల సీమలో ఎండకు కొదువ లేదు, చలికే కొదువ. అందుచేతనే మన చీనిపండు మాగియు పచ్చగానే యుండును. తొక్క పసుపెక్కుటకు రాత్రులు చల్లబడవలెను. పట్టణపు కొనుగోలుదారు దానిని కాయయని త్రోసివేయును. ఆ వేడిమియే పులుపును తగ్గించి రసమును తీపిచేసినదని యెఱుగడు.

చలిదేశములందు శీతకాలము చేయు పనిని ఇచ్చట రైతు తన చేతితో చేయుచున్నాడు. కొన్నివారములు పాదులకు నీరు మాన్పి చెట్టును బెట్టకు విడుచును. ఆకు ముడుచుకొన్న పిమ్మట ఎరువువేసి నీరు పెట్టినచో తోటయంతయు ఒక్కమాఱుగా పూయును. ఎఱ్ఱగరుసు నేలలో తేమ త్వరగా దిగిపోవును గనుక ఈ యుపాయము సాగును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడిలో తేమ యొక పట్టున వదలదు. బెట్ట సరిగా తగులదు. అధికవర్షమునకు గాలియాడక వేరు కుళ్లును. ఆ రేగడిని నిందింపరాదు. చిత్త, స్వాతి కార్తెలలో విత్తిన శనగ మఱి చినుకు లేకున్నను నేల దాచిన చెమ్మతోనే పండును. ఇంకొక చోద్యము: శనగాకుపై చెమర్చు పులుసులోని మాలిక్ ఆమ్లము ద్రాక్షపులుపునందును గలదు.

పులివెందుల చెంతనే వేంపల్లె. ఆ యూరి పేరుతోనే భూగర్భశాస్త్రజ్ఞులు వ్యవహరించు సున్నపురాయి వందకోట్ల యేండ్లకు పైబడినది. ఇంగ్లండు సుద్ద దాని ముందు పసిబిడ్డ. సున్నము మితిమీరినచోట చెట్టుకు ఇనుము, జింకు అందక లేతాకు పసుపెక్కును. షాంపేనులోను ఇదే వ్యాధి. వారు సున్నమున కోర్చు వేరుమొక్కపై అంటుకట్టి నెగ్గిరి. మనకు జంబేరి, రంగపూరు నిమ్మ గలవు. ఏ నేలకు ఏది తగునో పరీక్షింపక, దొరకిన అంటును నాటి, అయిదేండ్లకు తోట పాలిపోయినదని విలపించువారిని మేము చూచితిమి.

అంతకంటె పెద్దచిక్కు నీరు. ప్రొద్దుటూరున కె.సి. కాలువ గలదు. పులివెందులకు అట్టి ఆధారము చిరకాలము లేదు. కపిలబావులు పోయి గొట్టపుబావులు వచ్చినవి. ఒకటి ఎండినచో అంతకు లోతైనది త్రవ్వుటయే గతియైనది. కఱవుకాలమున బండ్లతో నీరు తెప్పించి చెట్లను బ్రతికించినవారు గలరు. శనగ పోయినచో ఒక పంట పోవును. పదేండ్ల చీని పోయినచో పదేండ్లు పోవును. ఇప్పుడు చిత్రావతి జలాశయమునకు గండికోటనుండి కృష్ణాజలము నెత్తిపోయు ఏర్పాటు గలదు. సంతోషమే. కాని నీరు కనబడినంతనే అరటి విస్తరించినది. 2020 జనవరిలో తాడిపత్రినుండి అరటిగెలలు ఎగుమతికై ప్రత్యేక రైలులో బొంబాయి రేవునకు పోయినవి. ధర యున్నంతకాలము రైతును తప్పుపట్టుట మాకు భావ్యము గాదు. అయినను చీనికంటె అరటికి దాహము మెండు. ఎత్తిపోతల నీరు ఏటేటా వచ్చునను పూచీ ఎవ్వరును వ్రాసియీయలేదు. ఆ జలములో తొలిభాగము నిలిచియున్న చీనితోటలకు కేటాయించి, మిగిలినదానిని చూచి అరటి నాటుట మేలని మా యభిప్రాయము.

క్రొత్తగా చీని నాటగోరువారు గుంట త్రవ్వినప్పుడే అడుగుమన్ను పిడికెడు తీసి దానిపై పలుచని ఆమ్లము పోసి చూడవలెను. బుసబుస పొంగినచో సున్నము హెచ్చని యెఱిగి అంటును ఎంచుకొనవలెను. ఆ పొంగులోని వాయువును, ఆంగ్లేయుని సీసాలోని బుడగయు ఒక్కటియే.