బధిర శిశువు తల్లి – మానసిక ఆరోగ్యం

బధిర శిశువుల్లో అత్యధికులు వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. ఊహించని వార్త కావడంతో 'నేను చేసిన తప్పేమిటి?' అని తల్లి కుమిలిపోతుంది. పుట్టుచెవుడుకు జన్యువులు కారణమైనప్పుడు, చాలాసార్లు లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. తల్లినొక్కదాన్నే నిందించడం అశాస్త్రీయం.

జియా సరాయ్ ఇరుకు గదుల్లో, అయినవారికి దూరంగా ఉండే తెలుగు తల్లినే తీసుకోండి. ఆమె వ్యథను పెంచేది బిడ్డ చెవుడొక్కటే కాదు. బిడ్డతో సంభాషణ కుదరకపోవడం, ఇంట్లో తోడు లేకపోవడం కూడా. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో నిఘంటువు వెలువరించింది. తండ్రి, తాత, నాయనమ్మ కూడా సైగలు నేర్చుకుంటే తల్లి ఒక్కతే దుబాసీగా మిగలదు.

రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే 'టెలి మానస్' 14416కు ఫోను చేయండి, తెలుగులోనూ మాట్లాడవచ్చు.