వంతు అయిపోయినవాడికీ ఒక వంతు

కిల్ టీమ్ అనే ఆటలో నావైపు బొమ్మలు ఆరే. మా బావవైపు పదిదాకా ఉంటాయి. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, సన్నటి కుంచెతో రంగులేసుకుని, టేపుతో దూరం కొలుస్తూ, పాచికలు వేస్తూ బల్లమీద ఆడే యుద్ధం ఇది. తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఉంది, మేముండేదీ ఆ ఊళ్లోనే. 2021 నాటి నియమాలను తిరగరాసి 2024 అక్టోబరులో కొత్త కూర్పు తెచ్చారు. మా ఇద్దరికీ పాత బొమ్మలే సరిపోయాయి. మారింది వాటిని నడిపే పద్ధతి.

నాది ఒకటి, అతనిది ఒకటి చొప్పున బొమ్మలు కదులుతాయి. వంతు వచ్చిన బొమ్మకి ఖర్చు పెట్టుకోవడానికి యాక్షన్ పాయింట్లుంటాయి. బావ ఓర్కులకి రెండేసి, నా స్పేస్ మెరీన్లకి మూడేసి. నడకకి ఒకటి, కాల్పుకి ఒకటి, కలబడితే ఒకటి. మీదికొచ్చిన శత్రువును వదిలించుకుని వెనక్కి తగ్గాలంటే మాత్రం రెండు పోతాయి. అందరి వంతులూ అయితే ఒక రౌండు; నాలుగు రౌండ్లకి ఆట సరి.

పులి-మేక ఆడినవాళ్లకి పులులు మూడు, మేకలు పదిహేను అని తెలుసు. అయినా అక్కడ ఎత్తుకి ఎత్తు సమానం. ఇక్కడలా కాదు. నా ఆరుగురూ కదిలేశాక బావకి ఇంకా నలుగురు మిగిలేవారు. "నీ పనైపోయింది, టీ పెట్టుకో పో" అంటూ వాళ్లను వరసగా నడిపేవాడు. పాత కూర్పులో అప్పుడు నాకున్న దిక్కల్లా ఓవర్‌వాచ్. వంతు అయిపోయిన బొమ్మ ఒకసారి ఊరికే కాల్చొచ్చు, గురి మాత్రం ఒక మెట్టు తగ్గుతుంది. తుపాకీ ఉన్నవాడికి అదైనా దక్కేది. కత్తే నమ్ముకున్నవాడికి ఏమీ లేదు.

కొత్త కూర్పులో దాన్ని తీసేసి కౌంటర్‌యాక్ట్ పెట్టారు. నా వంతులన్నీ అయ్యాక, అతను ఒక బొమ్మను కదిపినప్పుడల్లా నేనూ ఒకదాన్ని లేపి, ఒక పాయింటు ఖరీదు చేసే పని ఏదైనా ఉచితంగా చేయించొచ్చు. కాల్పే కానక్కర్లేదు, నడవొచ్చు, కలబడొచ్చు. రౌండుకి ఒక్కో బొమ్మకీ ఒక్కసారే, కదిలితే రెండంగుళాలు దాటకూడదు. (అంగుళాలంటే గుర్తొచ్చింది: పాత పుస్తకంలో దూరాలను త్రిభుజం, వృత్తం, చతురస్రం, పంచభుజి బొమ్మలతో రాసేవారు. మూడు వృత్తాలంటే ఆరంగుళాలు! ఆ పీడ వదిలింది.)

ఈ వరం ఊరికే రాదు. వంతు వచ్చినప్పుడు ప్రతి బొమ్మకీ ఎంగేజ్ అనో కన్సీల్ అనో ఆజ్ఞ ఇవ్వాలి. కన్సీల్‌లో ఉండి గోడచాటున నక్కితే మామూలుగా ఎవరూ కాల్చలేరు, అయితే తనూ కాల్చలేడు. కౌంటర్‌యాక్ట్ ఎంగేజ్‌లో ఉన్నవాడికే. అంటే రెండో అవకాశం కావాలంటే ముందు ఒంటిని తూటాకి ఒప్పజెప్పాలి. ఈ బేరం నాకు నచ్చింది. నచ్చనిది మా మెరీన్లకిచ్చిన మినహాయింపు. వీళ్లు ఏ ఆజ్ఞలో ఉన్నా కౌంటర్‌యాక్ట్ చేయొచ్చట! పైగా ఒకే వంతులో రెండుసార్లు కాల్చడానికో, రెండుసార్లు కలబడటానికో కూడా అనుమతి ఉంది. లాభపడేది నేనే, అయినా చెబుతున్నా: ఇది మరీ ముద్దు చేయడం.

రెండంగుళాలే కదా అని బావ మొదట్లో తేలిగ్గా తీసుకున్నాడు. గెలుపు పాయింట్లు తెచ్చే మార్కరు ఎవరిదో తేల్చడానికి దాని దగ్గరున్న బొమ్మల యాక్షన్ పాయింట్లను కూడి చూస్తారు. చాటునున్న నా మెరీన్ రౌండు చివర్లో రెండంగుళాలు జరిగితే చాలు, ఓర్కు రెండు మీద నా మూడు గెలుస్తుంది. అది గ్రహించాక బావ చివరి ఇద్దరినీ మార్కరు దగ్గర జంటగా నిలుపుతున్నాడు. రెండూ రెండూ నాలుగు.